నిప్పు అంటుకొనక ముందే

అగ్గిపెట్టె ప్రతి ఇంటికీ చేరని రోజులలో తెలుగు పల్లెల్లో ఇల్లాలు తెల్లవారగానే పిడక ముక్క చేతబట్టుకొని పొరుగింటికి వెళ్ళేది. ఆ ఇంటి పొయ్యిలో రాత్రి బూడిద కప్పి దాచిన నిప్పుకణికలు ఉండేవి. ఒక కణిక పిడక మీదికి మారి రెండవ ఇంటి పొయ్యిని వెలిగించేది. ఇలా ఇచ్చిపుచ్చుకొనే నిప్పు పట్ల జనానికి గౌరవమూ ఉండేది, భయమూ ఉండేది. దీపం ఆరిపోయిందని అనడానికి నోరు రాక “కొండెక్కింది” అన్నారు పెద్దలు. ఇంటిలో నిప్పు ఎక్కడ ఉన్నదో, ఎంత ఉన్నదో పిల్లలకు సైతం తెలుసు.

నేటి ఇంటిలో నిప్పు కంటికి కనిపించకుండా ఉన్నది. గోడలలోని విద్యుత్ తీగలలో, వంటగది మూలనున్న సిలిండరులో, మెట్ల కింద రాత్రంతా చార్జింగు అవుతున్న వాహనపు బ్యాటరీలో అది దాగి ఉన్నది. కనిపించని దానిని గురించి ఆలోచించడం మనిషికి అంత సులభం కాదు. అందుచేతనే అగ్నిప్రమాదం ప్రతిసారీ అనుకోకుండా వచ్చిపడిన ఆపదగా, విధివిలాసంగా చెప్పుకొనబడుతున్నది. కాని మన దేశంలో జరిగిన పెద్ద ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించినట్లయితే మరొక సంగతి బయటపడుతుంది. నిప్పురవ్వ ఎక్కడ పుడుతుందో ముందుగా చెప్పలేకపోవచ్చును. అది పుట్టిన తరువాత ఎందరు బ్రతికి బయటపడతారో మాత్రం చాలా ముందుగానే, తలుపులు బిగించిన నాడు, మెట్లు కట్టిన నాడు, కప్పు వేసిన నాడు నిర్ణయమై ఉంటున్నది.

ఏప్రిల్ 14

ఏటా ఏప్రిల్ 14వ తేదీని దేశమంతటా అగ్నిమాపక సేవా దినంగా పాటిస్తారు. ఆ రోజు మొదలుకొని వారం పాటు పాఠశాలల్లో, కర్మాగారాల్లో ప్రదర్శనలు జరుగుతాయి. ఆ తేదీ వెనుక ఉన్న కథ 1944 నాటిది. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న కాలంలో ‘ఫోర్ట్ స్టికిన్’ అనే సరకుల ఓడ బొంబాయి రేవులోని విక్టోరియా డాకులో లంగరు వేసి ఉన్నది. దానిలో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, మందుగుండు ఉన్నాయి. వాటితో పాటు పత్తి బేళ్ళు, నూనె పీపాలు, బంగారం కూడా ఉన్నాయి. పత్తినీ పేలుడు పదార్థాలనూ ఓడలోని ఒకే అరలో నింపడం అందరికీ తెలిసే జరిగిన పొరపాటు. మధ్యాహ్నం పత్తి నుండి పొగ లేచింది. అగ్నిమాపక దళాలు వచ్చి ఓడలోనికి నీరు కుమ్మరించాయి. అయినా పత్తి లోలోపల రగులుతూనే ఉన్నది. సాయంకాలం నాలుగు దాటగానే మొదటి విస్ఫోటనం, అరగంట తిరగక ముందే రెండవది సంభవించాయి. ఆ రోజు విధినిర్వహణలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. రేవులోనూ పరిసరాలలోనూ మరణించిన వారు వందల సంఖ్యలో ఉన్నారు.

ఆ 66 మంది స్మృతికి దేశం అర్పిస్తున్న నివాళి ఈ దినం. ఓడలోని నిప్పును ఆర్పడానికి వారు చేయని ప్రయత్నం లేదు. పత్తిని ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం మాత్రం వారి చేతిలో లేకపోయింది. అది ఓడ రేవు చేరక ముందే జరిగిపోయినది.

మూసిన దారులు

హర్యానాలోని సిర్సా జిల్లాలో డబ్వాలీ అనే చిన్న పట్టణం ఉన్నది. 1995 డిసెంబరు 23న అక్కడ ఒక పాఠశాల వార్షికోత్సవం జరుగుతున్నది. కల్యాణమండపం ఆవరణలో కృత్రిమ దారపు గుడ్డతో పెద్ద షామియానా వేశారు. దాని కింద విద్యార్థులు, తల్లిదండ్రులు కిక్కిరిసి కూర్చున్నారు. విద్యుత్ తీగల వద్ద పుట్టిన నిప్పు గుడ్డకు అంటుకొన్నది. కృత్రిమ దారం కాలేటప్పుడు నూలు వలె బూడిదగా రాలదు. కరిగి, మండుతున్న చుక్కలుగా కింద ఉన్నవారి మీద పడుతుంది. బయటికి పోవడానికి ఉన్న ఇరుకు దారి వద్ద తొక్కిసలాట జరిగింది. కొద్ది నిమిషాలలో అంతా ముగిసింది. 442 మంది మరణించారు. వారిలో సగానికి పైగా పిల్లలే.

ఏడాదిన్నర తరువాత, 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో మరొక ఘోరం జరిగింది. కింది అంతస్తులో వాహనాలు నిలిపే చోటికి ఆనుకొని ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నుండి మంటలు లేచాయి. మంటలు బాల్కనీ దాకా రాలేదు, పొగ వచ్చింది. బాల్కనీలో కుడివైపు ఉండవలసిన నడవాను అదనపు కుర్చీలు వేసి మూసివేశారు. చీకటిలో, ఊపిరాడని పొగలో ప్రేక్షకులు దారి వెదుక్కోలేకపోయారు. 59 మంది మరణించారు. టిక్కెట్ల మీద వచ్చే కొద్దిపాటి అదనపు రాబడి కోసం వేసిన కుర్చీలు అవి. ఈ విషయం తరువాత సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, ఏళ్ళ తరబడి నడిచింది.

అగ్నిప్రమాదాలలో మంట కన్న పొగ ఎక్కువ మందిని పొట్టన పెట్టుకొంటున్నదని చాలామందికి తెలియదు. వస్తువులు సరిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును వదలి దానిని గట్టిగా పట్టుకొంటుంది. మనిషి ముందుగా తికమకపడి, పిమ్మట స్పృహ కోల్పోతాడు. వేడి పొగ మొదట పైకప్పు కింద చేరి క్రమంగా కిందికి దిగుతుంది కాబట్టి నేలకు దగ్గరగా కొంతసేపు పీల్చదగిన గాలి మిగిలి ఉంటుంది. పొగ నిండిన గదిలో లేచి పరుగెత్తరాదనీ, వంగి లేదా పాకుతూ బయటికి రావాలనీ చెప్పడంలోని అర్థం ఇదే. మూసి ఉన్న తలుపును తెరిచే ముందు చేతి వెనుక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే ఆవల మంట ఉన్నదని గ్రహించి వేరొక దారి చూసుకోవాలి. అయితే వేరొక దారి అంటూ ఉండాలి కదా!

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో పిల్లలకు ఆ దారి లేకపోయింది. ఒకే భవనంలో వందలాది విద్యార్థులు, పైఅంతస్తులో ఆకులతో కప్పిన పాక, ఎక్కి దిగడానికి ఇరుకైన మెట్లు. మధ్యాహ్న భోజనం వండుతున్న వంటశాల నుండి లేచిన నిప్పు ఆ కప్పుకు అంటుకొన్నది. 94 మంది చిన్నారులు బలియైనారు. ఈ దుర్ఘటన తరువాత దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009లో తీర్పు చెబుతూ విద్యాహక్కులో భద్రమైన పాఠశాలలో చదువుకొనే హక్కు కూడా ఇమిడి ఉన్నదని స్పష్టం చేసింది. ప్రతి పాఠశాలలో మంటలార్పే సాధనాలు ఉండాలనీ, వాటిని వాడడంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలనీ, భవనాలు జాతీయ భవన నిర్మాణ నియమావళికి అనుగుణంగా ఉండాలనీ ఆదేశించింది.

ఇది ఒక్క దేశపు కథ కూడా కాదు. 2012 సెప్టెంబరులో కరాచీలో, అదే ఏడాది నవంబరులో ఢాకా సమీపాన దుస్తుల కర్మాగారాలు కాలిపోయాయి. కరాచీలో రెండు వందల యాభై మందికి పైగా, ఢాకా వద్ద వంద మందికి పైగా కార్మికులు మరణించారు. కిటికీలకు ఇనుప ఊచలు, తాళం వేసిన తలుపులు, సరకు మూటలతో నిండిన మెట్లు అన్నవి ఆ వార్తలలో పదే పదే వినవచ్చిన మాటలు. దొంగతనాన్ని అరికట్టడానికి వేసిన తాళం కార్మికులకు ప్రాణాంతకమైనది. 2025 మే 18న హైదరాబాదులో చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత ఇంటిలో తెల్లవారుతూనే మంటలు లేచి 17 మంది చనిపోయారు. ఆ ఇంటిలోనికి పోయే దారి సొరంగం వలె ఇరుకైనది. ఊళ్ళు వేరు, భాషలు వేరు. తలుపు దగ్గర కథ ఒక్కటే.

వంటగదిలో

పైన చెప్పినవన్నీ పత్రికలకెక్కిన ప్రమాదాలు. పత్రికలకెక్కనివి వంటగదిలో జరుగుతాయి. 2001వ సంవత్సరంలో భారతదేశంలో అగ్ని కారణంగా సుమారు 1,63,000 మంది మరణించి ఉంటారని ఒక వైద్య పరిశోధన అంచనా వేసింది. పోలీసు రికార్డులలోని సంఖ్యకు ఇది ఎన్నో రెట్లు. మరణించిన వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది స్త్రీలు. అందులోనూ 15 నుండి 34 ఏళ్ళ మధ్య వయసు వారే అధికం. వీటిలో కొన్ని ప్రమాదాలు కావనీ, ప్రమాదాల పేరిట దాచిన నేరాలనీ అందరూ ఎరిగినదే. ఆ కొన్నిటిని అటుంచినా, నేల మీద కూర్చుని కిరోసిన్ స్టవ్ మీద వంట చేసే స్త్రీ చీరచెంగు ఎంత ప్రమాదకరమైన చోట ఉంటున్నదో చెప్పనక్కరలేదు. గాలి కొట్టే స్టవ్ మండుతుండగా కిరోసిన్ పోయడం, మూతిలోని మసిని సరిగా తీయకుండానే వెలిగించడం ఎన్నో కుటుంబాలలో దుఃఖానికి కారణమైనాయి.

ఒంటి మీది బట్టలు అంటుకొన్నప్పుడు పరుగెత్తడం మనిషి సహజగుణం. పరుగెత్తినకొద్దీ గాలి తగిలి మంట పెరుగుతుంది. ఉన్నచోటనే ఆగి, నేలపై పడుకొని దొర్లాలి. పక్కనున్న వారు మందపాటి దుప్పటి కప్పి గాలి అందకుండా చేయాలి. తెలంగాణలో, రాయలసీమలో గొర్రెల కాపరులు కప్పుకొనే గొంగడి దీనికి ఎంతో అనువైనది. ఉన్ని త్వరగా మండదు, కరిగి ఒంటికి అతుక్కోదు. నైలాన్, పాలియెస్టర్ దుప్పట్లను ఇందుకు వాడరాదు. మంట ఆరిన తరువాత కాలిన చోట చల్లని నీటిని ధారగా 20 నిమిషాల పాటు పోయాలి. పసుపు, నెయ్యి, సిరా, పళ్ళపొడి, మంచుగడ్డ వంటివి పెట్టరాదు. ఒంటికి అతుక్కున్న గుడ్డను లాగివేయరాదు. శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి ఆసుపత్రికి చేర్చాలి. సిరా పోసే అలవాటు ఎక్కడి నుండి వచ్చినదో గాని ఇంకా అక్కడక్కడ కనిపిస్తూనే ఉన్నది.

వంటగ్యాసు వచ్చిన తరువాత వంటింటి పొగ తగ్గింది. 2016లో ప్రారంభమైన ఉజ్వల పథకంతో పేద కుటుంబాలకు కూడా అది చేరింది. దాని స్వభావం మాత్రం కట్టెలదీ కిరోసిన్‌దీ కాదు. సిలిండరులో ద్రవరూపంలో ఉన్న ఈ ఇంధనం బయటికి వచ్చినప్పుడు సుమారు 250 రెట్లు వ్యాపిస్తుంది. గాలి కంటె బరువైనది కాబట్టి పైకి పోక, నేల మీద నీటివలె పరచుకొని గది మూలలలో, తూములలో నిలిచి ఉంటుంది. సహజంగా దానికి వాసన లేదు. కారుతున్నప్పుడు తెలియడానికి మెర్‌కాప్టాన్ అనే ఘాటైన వాసన గల పదార్థాన్ని కావాలనే కలుపుతారు. ఆ వాసన వచ్చినప్పుడు దీపం స్విచ్ వేయరాదు. ఉన్న దీపాన్ని ఆర్పరాదు కూడా. వేసినా తీసినా స్విచ్‌లో చిన్న నిప్పురవ్వ పుడుతుంది, ఆ ఒక్క రవ్వ చాలు. తలుపులు, కిటికీలు తెరచి, రెగ్యులేటర్ కట్టి, సిలిండరు మూతిపై రక్షణ మూత బిగించి, అందరూ బయటికి పోయి 1906 అనే నంబరుకు తెలియజేయాలి. సిలిండరును నిలువుగానే ఉంచాలి. పొయ్యి దాని కంటె ఎత్తులో ఉండాలి. రబ్బరు గొట్టానికి కూడా కాలపరిమితి ఉన్నదని గుర్తుంచుకొనే ఇళ్ళు తక్కువ. సిలిండరు మెడ దగ్గరి పట్టీలపై ఒక అక్షరమూ రెండంకెలూ ఉంటాయి. అది మళ్ళీ పరీక్షించవలసిన త్రైమాసికాన్ని, సంవత్సరాన్ని తెలుపుతుంది; గ్యాసు పాడైపోయే తేదీ అని కొందరు పొరబడుతుంటారు.

బాణలిలో నూనె అంటుకొంటే నీళ్ళు పోయడం మరొక పెద్ద పొరపాటు. నూనె కంటె నీరు బరువైనది కనుక అడుగుకు దిగి, ఆ వేడికి క్షణంలో ఆవిరిగా మారి 1,700 రెట్లు పెరుగుతుంది. మండుతున్న నూనెను గదినిండా చిమ్ముతుంది. పొయ్యి కట్టి బాణలిపై మూత పెట్టడమే మార్గం. గాలి అందకపోతే నిప్పు చచ్చిపోతుంది.

విద్యుత్తు విషయంలో ఇంతకంటె ఘోరమైన అలవాటు ఒకటి ఉన్నది. ఫ్యూజు తరచుగా పోతున్నదని సన్నని తీగ స్థానంలో మందపాటి రాగితీగ చుట్టేవారు ఎందరో ఉన్నారు. ఫ్యూజు పని తాను కాలిపోయి ఇంటిని కాపాడడం. దానిని బలంగా చేస్తే కాలవలసినది గోడలోని తీగ. ఒక ఫ్యాను, రెండు బల్బుల కోసం ఎప్పుడో వేసిన తీగలకు నేడు శీతల యంత్రాన్ని, నీళ్ళ హీటరును తగిలిస్తున్నారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో కింది భాగాన విద్యుత్ స్కూటర్ల దుకాణం, పైన వసతిగృహం ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది మరణించారు. పొగ మెట్లదారి గుండానే పైకి పోయింది. బ్యాటరీ వాహనాలను మెట్ల కింద గాని, గుమ్మానికి అడ్డంగా గాని ఉంచి రాత్రి చార్జింగు పెట్టే ఇళ్ళు ఈ సంగతి ఆలోచించవలసి ఉన్నది.

కప్పు, పందిరి

వేసవిలో తాటాకు ఇళ్ళు, గడ్డి ఇళ్ళు ఉన్న పల్లెలకు ఇల్లు వేరు, ఊరు వేరు కాదు. ఒక కప్పు నుండి ఎగిరిన నిప్పు తునక గాలితో పోయి నాలుగవ ఇంటిపై వాలుతుంది. ఊరివారు మండుతున్న ఇంటిని విడిచి, గాలి వీచే వైపున ఉన్న ఇళ్ళ కప్పులను ముందుగానే లాగివేయడం దీనికి పాత ఉపాయం. తన ఇల్లు ఇంకా అంటుకొనక ముందే దాని కప్పును ఊడబెరికేందుకు ఒప్పుకోవాలంటే ఆ గృహస్థునికి ఎంతటి మనసు ఉండాలో! 2016 ఏప్రిల్‌లో బీహారులో ఇటువంటి ప్రమాదాలు పెచ్చుమీరినప్పుడు, ఉదయం 9 గంటల నుండి సాయంత్రం 6 గంటల దాకా పల్లెల్లో పొయ్యి వెలిగించవద్దని ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసింది. పడమటి గాలులు వీచే వేళ అది.

గడ్డి కప్పును పూర్తిగా మాన్పించడం పేదరికం ఉన్నంతకాలం సాధ్యం కాదని గుర్తించి, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి రూపొందించారు. మట్టి, గడ్డి కలిపిన అడుసులో కిరోసిన్‌తో పలుచన చేసిన తారును చేర్చి కప్పుకు మెత్తుతారు. తారు వలన వానకు మట్టి కరిగిపోదు. మట్టి పొర వలన గడ్డికి నిప్పు తొందరగా అంటదు. ఖరీదైన సామగ్రి అవసరం లేదు. ఊరి వారే చేసుకొనదగిన పని.

పందిళ్ళ సంగతి వేరు. బెంగాలులో దుర్గాపూజ, మహారాష్ట్రలోనూ తెలుగు నేలపైనా వినాయక చవితి, ఉత్తరాదిన రామలీల, దేశమంతటా పెళ్ళిళ్ళు పందిరి కిందనే జరుగుతాయి. తాత్కాలిక నిర్మాణాలకు, పందిళ్ళకు భారతీయ ప్రమాణాల సంస్థ ప్రత్యేకంగా నియమాలు ప్రకటించింది. కృత్రిమ దారపు గుడ్డ, తాళ్ళు వాడరాదు. చుట్టుపక్కల భవనాలకూ పందిరికీ మధ్య ఖాళీ ఉండాలి. విద్యుత్ తీగల కింద, పొయ్యిల పక్కన వేయరాదు. డబ్వాలీ షామియానాను ఈ నియమాల పక్కన పెట్టి చూస్తే చాలు. నియమం చదివేవారు పందిరి వేయరు, పందిరి వేసేవారికి నియమం చేరదు. ఉత్సవ సంఘాలకు అనుమతి ఇచ్చే అధికారులు ఒక కాగితంపై వీటిని ప్రాంతీయ భాషలో అచ్చువేసి ఇస్తే ఎంతో మేలు జరుగుతుంది.

వీధి వెడల్పు

మనదేశంలో అగ్నిమాపక సేవలు రాష్ట్రాల, పురపాలక సంఘాల బాధ్యత. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన పన్నెండవ షెడ్యూలులో వీటిని పట్టణ స్థానిక సంస్థల విధులలో పేర్కొన్నారు. సిబ్బందికి ఉన్నత శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ 1956లో ఏర్పడి నేడు నాగపూరులో పనిచేస్తున్నది. అస్సాం నుండి, కేరళ నుండి, పంజాబు నుండి వచ్చినవారు అక్కడ ఒకే నిచ్చెన ఎక్కి దిగడం నేర్చుకొంటున్నారు. 1970లో తొలిసారి వెలువడి 1983, 2005, 2016 సంవత్సరాలలో సవరణ పొందిన జాతీయ భవన నిర్మాణ నియమావళిలో నాలుగవ భాగం అగ్ని భద్రతకే కేటాయించినది. అయితే ఆ నియమావళి తనంతట తాను చట్టం కాదు. రాష్ట్రాలు, పురపాలక సంఘాలు తమ నిబంధనలలో చేర్చుకొన్నప్పుడే దానికి కోర వస్తుంది.

101కి గాని, 112కి గాని ఫోను చేస్తే అగ్నిమాపక శకటం బయలుదేరుతుంది. అది ఇంటిని చేరడం వీధి మీద ఆధారపడి ఉన్నది. అరుగులు ముందుకు జరిపి, వాహనాలు ఇరువైపులా నిలిపి, తీగలు తలకు తగిలేలా వేలాడదీసిన సందులోనికి ఎంతటి యంత్రమైనా రాలేదు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లు, మంటలు లేచిన తరువాత వాహనాల యజమానులను వెదకడం నగరాలలో మామూలైపోయింది.

కొన్ని పాఠశాలల్లో ఏడాదికి ఒకటి రెండుసార్లు గంట మోగించి పిల్లలను తరగతి వారీగా ఆరుబయటికి తీసుకురావడం, బయట పేర్లు పిలిచి లెక్క చూడడం అలవాటు చేశారు. మొదటిసారి అది ఆటగా, అల్లరిగా సాగుతుంది. రెండవసారికి ఏ తరగతి ఏ మెట్ల మీదుగా దిగాలో పిల్లలకే తెలిసిపోతుంది. ఏ మెట్ల కింద విరిగిన బల్లలు పేర్చి ఉన్నాయో, వెనుక గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో, ఆ మనిషి సెలవులో ఉన్ననాడు అది ఎవరి దగ్గర ఉంటుందో ఉపాధ్యాయులకు ఆ రోజే తెలుస్తున్నది.